ఒకే ఆర్కిడ్‌కు రెండు పుస్తకాల్లో రెండు పేర్లుంటే నోట్సులో ఏది రాయాలి?

ఓఫ్రిస్ అనే ఆర్కిడ్ ప్రజాతి (జీనస్)లో ఒక పుస్తకం పాతిక లోపే జాతులంటే ఇంకొకటి 250 అంటోంది, ఎవరిది నమ్మాలి, ఏ పేరు రాసుకోవాలి అని అడిగారు. ఇందులో రెండు వేర్వేరు గొడవలు కలిసిపోయాయి.

మొదటిది నియమాలకు సంబంధించింది. ఒకే మొక్కకు రెండు పేర్లుంటే మొక్కల పేర్లపై 1753లో లిన్నేయస్ రాసిన గ్రంథం నుంచి లెక్కపెట్టి, ముందు అచ్చయినది తీసుకుంటారు. ఒక ఆర్కిడ్‌కు వాండా రాక్స్‌బర్గై అన్న పేరు పోయి వాండా టెస్సెల్లాటా నిలిచింది ఇలాగే. ఇక్కడ వాదించడానికి పెద్దగా ఏమీ ఉండదు.

రెండోదే అసలు తగాదా: గీత ఎక్కడ గీయాలి? ఆర్కిస్ మోరియోను డీఎన్ఏ ఆధారంగా 1997లో ఆర్కిస్ ప్రజాతి నుంచి అనకాంప్టిస్ ప్రజాతిలోకి మార్చారు. క్రోమోజోముల లెక్క కూడా దానికే మొగ్గింది: అనకాంప్టిస్‌లో 36, ఆర్కిస్‌లో 42. చివరి పదం ‘మోరియో’ మారలేదు కాబట్టి పాత రికార్డులు వెతికేటప్పుడు దాన్ని పట్టుకోండి.

ఓఫ్రిస్‌లో చిక్కు ఎక్కువ. పువ్వు ఆడ కీటకం వాసనను అనుకరిస్తుంది, మగది మోసపోయి వాలి పుప్పొడి మోస్తుంది. వాసన కాస్త మారితే వచ్చే కీటకం మారుతుంది కాబట్టి ప్రతిదాన్నీ విడి జాతిగా చూడాలని ఒక వర్గం వాదన. 250 లెక్క అక్కడిదే. వృక్షశాస్త్రవేత్త బేట్‌మన్ బృందం 2018లో కణ కేంద్రకంలోని డీఎన్ఏ చూస్తే స్పష్టంగా విడిపడిన గుంపులు తొమ్మిదే కనిపించాయి. కీటకాలు అప్పుడప్పుడూ పొరబడతాయి, సంకరాలు పుడతాయి, జన్యువులు అటూ ఇటూ పారుతూనే ఉంటాయి. నా మొగ్గు పెద్ద గుంపుల వైపే. ఏ కీటకం వాలిందో చూడకుండా, పెదవి (మిగతావాటికి భిన్నంగా ఉండే రేకు) రంగును బట్టి చిన్న జాతి పేరు రాసేస్తే దాన్ని తర్వాత ఎవరూ సరిచూడలేరు. గుంపు పేరు రాసి, పక్కన ‘ఫలానా పుస్తకం ప్రకారం ఇది’ అని చిన్న పేరు చేర్చండి.

పేరు ఎలాగూ మారుతుంది, కొలతలు మారవు. డాక్టైలోరైజా అనే ఆర్కిడ్ ప్రజాతిలో కొలతలు మరీ అవసరం. ఫుక్సై రకానికి 40 క్రోమోజోములు, మాక్యులేటాకు 80. ఫుక్సై పెదవి లోతుగా మూడు చీలికలై మధ్యది ముందుకు పొడుచుకొస్తుంది. మాక్యులేటాలో మధ్య చీలిక చిన్న పంటిలా ఉంటుంది. ఒక్క మొక్కను చూసి తేల్చకండి. అందంగా ఉన్నవాటిని ఏరుకోకుండా, ఒక గీత వెంట నడుస్తూ తగిలిన పది మొక్కలు తీసుకోండి. కంకి అడుగు భాగంలో పూర్తిగా విచ్చిన పువ్వునే కొలవండి. పై పూలు చిన్నవి కాబట్టి ఒకరు పైది, ఒకరు కిందిది కొలిస్తే లేని తేడా పుట్టుకొస్తుంది. పెదవి పొడవు, అత్యధిక వెడల్పు, తేనెగొట్టం (పెదవి వెనక తోకలా ఉండే గొట్టం) పొడవు, మందం అర మిల్లీమీటరు వరకు రాయండి. ఆకుల సంఖ్య, వెడల్పాటి ఆకు కొలత కూడా.

చట్టం అనుమతించే చోట ఒక్క పువ్వు కోసి, పెదవిని పారదర్శక టేపుతో అట్టమీద చదునుగా అతికించవచ్చు. మొక్కను, దుంపను ముట్టుకోవద్దు. ఎండితే రంగు పోతుంది, ఆరోజే ఫొటో తీయండి. కోయకూడని చోట స్కేలును పెదవితో ఒకే తలంలో పట్టుకుని ఫొటో తీయండి. స్కేలు వెనక్కి ఉంటే పువ్వు ఉన్నదానికన్నా పెద్దదిగా లెక్కకొస్తుంది.

ప్లాటాంథెరా ప్రజాతిలో ఒకేలా కనిపించే బైఫోలియా, క్లోరాంథా జంటలో పని తేలిక. పువ్వులోకి ఎదురుగా చూడండి: రెండు పుప్పొడి ముద్దలూ దగ్గరగా, సమాంతరంగా ఉంటే బైఫోలియా, పైన దగ్గరై కింద ఎడంగా విచ్చుకుంటే క్లోరాంథా. ఎడం మధ్యస్థంగా ఉన్నవి సంకరాలు కావచ్చు. వాటిని ఏదో ఒక పేరులో ఇరికించకుండా రెండు పేర్లూ రాసి ప్రశ్నార్థకం పెట్టండి, ఎడం ఎంతో కొలిచి పక్కన రాయండి.