తలలు లెక్కబెట్టు, తర్వాత ఆట ఎంచుకో

తిరుపతి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

ఆదివారం ఫుట్‌బాల్‌కు గుంపును కూడగట్టావని, జట్టుకు పదకొండు మంది ఆటా ఐదుగురి ఆటా అన్నది తేలక కొట్టుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. టీవీలో చూసే ఆటను బట్టి తేల్చుకోవద్దురా. పొద్దున ఆరింటికి గ్రౌండులో కూర్చుని బూటు లేసు కట్టుకునేవాళ్ళు ఎందరో, దాన్నిబట్టే మీ ఆట. వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తినోళ్ళంతా రారు. పెళ్ళి ముహూర్తాలప్పుడు, బ్రహ్మోత్సవాల రోజుల్లో ఇంకా పలచబడతారు. మూడు వారాలు వచ్చిన తలలు లెక్కబెట్టి, అందులో తక్కువ లెక్కనే పట్టుకో.

ఎందుకంటావా? 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉండే పెద్ద గ్రౌండులో 22 మంది ఆడితే మనిషికి దాదాపు 320 చదరపు మీటర్లు వస్తుంది. అదే గ్రౌండులో 14 మంది దిగితే 500 దాటిపోతుంది. అప్పుడు పాస్ అందదు, పరుగే మిగులుతుంది. అలవాటు లేనోడు ఇరవై నిమిషాలకే నడుముల మీద చేతులు పెట్టుకుంటాడు, పైవారం రాడు. ఫుట్‌సాల్ అంటే గట్టి కోర్టు మీద ఐదుగురు ఐదుగురు ఆడే ఫుట్‌బాల్; 40 మీటర్లకు 20 మీటర్ల దాని కోర్టులో మనిషికి 80 చదరపు మీటర్లే. బంతి తిరిగి తిరిగి అందరి కాళ్ళకూ వస్తుంది. గుంపు నిలబడేది దీనివల్లే.

ఎనిమిది నుంచి పది మందైతే ఐదుగురి ఆట. పన్నెండు నుంచి పదహారైతే ఏడుగురి ఆట. నన్నడిగితే మీ గుంపుకు ఇదే సరి. పెద్ద గ్రౌండులో సగం తీసుకుని, గోల్ పోస్టులు అడ్డంగా పెట్టుకోండి. 55 మీటర్ల పొడవు, 35 మీటర్ల వెడల్పు చాలు. సాగదీసి వేసిన అంగ సుమారు ఒక మీటరు అనుకుని కొలిచి, మూలల్లో కోన్లు పెట్టు. గోల్ వెడల్పు నాలుగైదు అంగలు. రాళ్ళు పెట్టి గోల్ అనుకుంటే, బంతి రాయి మీదుగా పోయిందా లోపల పోయిందా అని ఆట కంటే పంచాయితీ ఎక్కువైపోతుంది. రెండు కర్రలు పాతండి. పదకొండు మంది ఆట సంగతి, పాతిక మంది ఖాయంగా వచ్చే రోజున, ఒక రెఫరీ, గీత మీద ఇద్దరు దొరికినప్పుడు చూద్దాం. ఆఫ్‌సైడ్ (ఎదుటి జట్టు చివరి ఆటగాళ్ళను దాటి ముందే నిలబడి పాస్ అందుకునే తప్పు) చూసే మనిషి లేకుండా ఆ ఆట మొదలుపెట్టావా, మూడో నిమిషంలోనే గొడవ.

చిన్న ఆటల్లో ఆఫ్‌సైడ్ తీసేయి, ఫుట్‌సాల్‌లో అది లేనే లేదు. తీసేస్తే మాత్రం ఒకడు ఎదుటి గోల్ దగ్గరే తిష్ట వేస్తాడు. దానికి మందు ఒకటుంది: గోల్ పడినప్పుడు కీపర్ తప్ప గోల్ కొట్టిన జట్టులో అందరూ సగం గీత దాటి ఉంటేనే లెక్క. వెనక సోమరిగా నిలబడేవాళ్ళు కూడా దీంతో కదులుతారు.

లెక్క బేసిగా వచ్చిన రోజు ఎవర్నీ ఇంటికి పంపొద్దు. తొమ్మిది మంది వస్తే నాలుగు, నాలుగు చేసి, మిగిలినోడికి వేరే రంగు బిబ్ (చొక్కా మీద తొడుక్కునే చేతుల్లేని బనీను) ఇవ్వు. బంతి ఎవరి దగ్గరుంటే వాడు వాళ్ళ తరఫు. పాస్ బాగా ఇచ్చేవాణ్ణే దీనికి పెట్టు. బలహీనుణ్ణి పెడితే ఎవరూ వాడికి బంతి ఇవ్వరు. పదిహేను మంది వస్తే మూడు జట్లు. ఏడు నిమిషాలు లేదా రెండు గోల్స్, ఏది ముందైతే అది. గెలిచినోళ్ళు ఉంటారు, కానీ వరుసగా రెండు గెలిస్తే ఓడినోళ్ళ బదులు వాళ్ళే బయటికి. ఈ షరతు లేకపోతే ఒక జట్టు గంటసేపు గట్టున కూర్చుంటుంది. డ్రా అయితే ముందునుంచి ఆడుతున్నవాళ్ళు దిగాలి.

గంట లెక్కన దొరికే టర్ఫులకు (ప్లాస్టిక్ గడ్డి గ్రౌండ్లకు) డబ్బు కట్టేముందు కొలువు. చాలావాటిని క్రికెట్‌ను కూడా లెక్కలో పెట్టుకుని కట్టుంటారు. పొడవు పాతిక మీటర్ల లోపైతే ఐదుగురికి ఇరుకు, నలుగురు నలుగురు ఆడండి. చుట్టూ కట్టిన వలకు తగిలిన బంతి ఔటా, ఆట సాగుతుందా అన్నది టాస్ ముందే చెప్పేయి. ఇనుప స్టడ్లున్న బూట్లు అక్కడ వద్దు. చిన్న రబ్బరు మొటిమలున్నవి మేలు. టర్ఫు మీద కూడా, కంకర తేలిన ఎర్రమట్టి మీద కూడా జారి తన్నడం నిషేధించు, తొడ చర్మం లేచిపోతుంది.

సిమెంటు కోర్టే దొరికితే ఫుట్‌సాల్ బంతి కొనండి. 1930లో ఉరుగ్వేలోని మాంటెవీడియోలో హువాన్ కార్లోస్ సెరియాని ఆ ఆటను తయారు చేసినప్పుడు కొలతలు హ్యాండ్‌బాల్ నుంచీ, ఐదుగురి లెక్క బాస్కెట్‌బాల్ నుంచీ తెచ్చుకున్నాడు. కోర్టు కోసమే పుట్టిన ఆట కాబట్టి దాని బంతి వేరు. అంగట్లో నాలుగో సైజు అడిగితే మామూలు బంతే చేతిలో పెడతారు. రెండు మీటర్ల ఎత్తు నుంచి, అంటే మన తలుపు ఎత్తు నుంచి వదిలి చూడు. 50 నుంచి 65 సెంటీమీటర్లే, అంటే మోకాలు దాకానో కాస్త పైకో లేస్తే అది ఫుట్‌సాల్ బంతి. నడుము దాకా లేచిందంటే కాదు. మట్టి మీద, టర్ఫు మీద మామూలు ఐదో సైజే. గట్టి నేల మీద గాలి 9 పీఎస్ఐ దగ్గర ఆపు. ఎక్కువ కొడితే బంతి ఎవరికీ లొంగదు.

కీపర్‌గా ఉండడానికి ఎవరూ ఒప్పుకోరు. ఐదు నిమిషాలకొకరు, పేర్ల వరుసలో. గోల్ పడితే మారడమనే పద్ధతి పెట్టొద్దు, తొందరగా బయటపడాలని కావాలని వదిలేసే మహానుభావులుంటారు. బంతి గీత దాటితే చేత్తో త్రో కాకుండా కాలితో లోపలికి తన్నడమే పెట్టు, నాలుగు సెకన్లలో.

ఎండాకాలంలో ఏడున్నరకు ముగించండి. పావుగంటకొకసారి నీళ్ళకు ఆపాలి, మనిషికి లీటరు తక్కువ కాకుండా తెచ్చుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన వానలకు మట్టి గ్రౌండు జారుతుంది కాబట్టి, ఆ మూడు నెలలకు టర్ఫో, తడి లేని రోజు సిమెంటు కోర్టో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో.

పంపు సూదులు రెండు పెట్టుకో. ఎక్కించేముందు తడుపు, లేకపోతే బంతిలోనే విరుగుతుంది.

మీ మామ