బఫింగ్ షెడ్డు పెడుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి, మావయ్య ఆశీస్సులు.

గాజువాక ఆటోనగర్‌లో బఫింగుకి, అదే తిరిగే గుడ్డ చక్రంతో లోహాలకి మెరుగు పెట్టే పనికి, షెడ్డు అద్దెకి తీసుకున్నావట. "వద్దని చెప్పన్నయ్యా" అని మీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. సరే, చెప్తానన్నాను. ఫోను పెట్టేసి పక్కింటివాళ్ళకి గొప్పగా చెప్పుకొచ్చాను.

ఏ లోహానికి ఏ సోపు, అంటే చక్రానికి పూసే పాలిష్ ముద్ద, అని అడిగావట. అదేం పెద్ద విద్య కాదు. ఇత్తడికీ రాగికీ ముందు బ్రౌన్ ట్రిపోలి. స్టెయిన్‌లెస్‌కి గీతలు పోవడానికి నల్ల ఎమరీ, మెరుపుకి గ్రీన్, అంటే క్రోమియం ఆక్సైడు. అల్యూమినియానికి ట్రిపోలి, ఆ మీదట వైట్. ఎర్ర రూజ్ వెండి బంగారాలది. రంగు చూసి మాత్రం కొనకు, కంపెనీకో రకంగా ఉంటాయి. ఏ లోహానికి, కోతకా మెరుపుకా అని అడిగి తీసుకో. ఎక్కువ పూస్తే మెరుపు రాదు, నల్లజిడ్డు పేరుకుంటుంది.

అసలు తిప్పలన్నీ చక్రం దగ్గరే. నేను కుర్రాడిగా చేరిన షాపు ఓనరు మహా పిసినారి. పొద్దున్న మామూలు ఇనుప గేటు ముక్కలు రుద్దిన చక్రం మీదే మధ్యాహ్నం స్టెయిన్‌లెస్ రెయిలింగు పెట్టించేవాడు. మేస్త్రీ గొణిగితే, "సోపు ఒకటేగా, చక్రం ఒకటైతే ఏం పోయింది?" అనేవాడు. ఆ రెయిలింగు బీచ్ రోడ్డులో ఒక మేడకి వెళ్ళింది. బిగించిన రోజు అందులో మొహం చూసుకోవచ్చు. నెల తిరక్కుండా మశూచి పోసినట్టు ఒళ్ళంతా తుప్పు చుక్కలు! ఓనరు స్టీలు అమ్మినవాడి మీదకి గొడవకి పోయాడు. స్టీలు మంచిదేనమ్మా. చక్రంలో ఇరుక్కున్న ఇనప రజను దాంట్లోకి దిగబడింది, ఉప్పుగాలి తగలగానే ఆ రజను తుప్పు పట్టింది. మేస్త్రీ, నేనూ ఎండలో ఆ మెట్ల మీద కూర్చుని కొత్త చక్రంతో మళ్ళీ రుద్ది, నైట్రిక్ యాసిడ్‌తో కడిగాం. ఖర్చు మా కూలీలోంచే పట్టుకున్నాడు, పుణ్యాత్ముడు. చక్రాలకి రంగు గుర్తులు పెట్టి దేని మేకుకి దాన్ని తగిలించడం ఆ మేస్త్రీయే నేర్పాడు. లోహం మారినా, సోపు మారినా చక్రం మార్చాల్సిందే. మధ్యలో వస్తువుని వేడి సబ్బునీళ్ళతో కడుగు. లేకపోతే ఎమరీ పలుకులు మెరుపు చక్రంలోకెక్కి మళ్ళీ గీతలు పెడతాయి. ఇత్తడికి ఆఖర్న లక్కర్, అదే రంగులేని వార్నిష్, కొట్టు, మన సముద్రపు గాలికి ఊరికే నల్లబడుతుంది.

నాకు నిద్రపట్టనిది అల్యూమినియం దుమ్ము. గాల్లో లేచినప్పుడు అంటుకుందంటే పేలుతుంది. ఇనుము గ్రైండింగ్ నిప్పురవ్వలు దాని దరిదాపులకి రాకూడదు, రెండింటికీ ఒకే దుమ్ము గొట్టం పెట్టావంటే నేనొచ్చి పీకేస్తాను. ట్రిపోలిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. మూతికి చేతిరుమాలు కాదు, సరైన మాస్కు కట్టు. చున్నీ గుమ్మం బయటే వదిలెయ్. జడ టోపీలోకి. గుడ్డ గ్లవ్స్ వద్దే వద్దు, చక్రం చేతితో సహా లాగేస్తుంది. వస్తువుని చక్రం నడుముకి కిందే పట్టు, పై అంచు ఎదురు పెట్టకు. రెండు పోళ్ళ మోటారు నిమిషానికి 2,800 చుట్లు తిరుగుతుంది తల్లీ, దానికి నీ వేలూ ఇత్తడి చెంబూ ఒకటే.

ఆదివారం వస్తున్నాను, మేకులు నేనే కొడతాను. గార్డు బిగించేదాకా స్విచ్చి వెయ్యకు. అల్యూమినియం సంగతి మాత్రం మీ అమ్మకి చదివి వినిపించకు.

మీ మావయ్య