మాస్టారు పలకరించడం మానేశారు

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. వయసు 24. హైస్కూల్ రోజుల నుంచి సెలవుల్లో ఒక సైన్‌బోర్డు ఆర్టిస్టు దగ్గర అక్షరాలు రాయడం, బొమ్మలు వేయడం నేర్చుకున్నాను. డిగ్రీ అయ్యాక మాస్టారికి చెప్పకుండానే హైదరాబాద్ వెళ్లి ఒక డిజైన్ ఆఫీసులో చేరాను. నాలుగు నెలలకే ‘నీది పాత స్టైల్, స్పీడు కూడా లేదు’ అని తీసేశారు. ఇంటికి వచ్చి ఆరు నెలలైంది. బ్రష్ పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. రాత్రిళ్లు నిద్ర పట్టదు. మాస్టారు ఎదురుపడినా పలకరించడం లేదు. ‘డబ్బా ముందు కూకునేవోడికి బ్రష్షెందుకు’ అన్నారట. నాన్న చెన్నైలో బిల్డింగు పనులకు వెళ్తారు. ఫోన్ చేస్తే ‘బొమ్మలు కూడెడతాయేట్రా’ అంటారు. మేనమామ విశాఖలో ఒక ఫార్మా కంపెనీలో ఉద్యోగం మాట్లాడాడు. అందులో చేరితే నేర్చుకున్నదంతా గంగలో కలిసినట్టే కదా? అసలు నాకు ప్రతిభ ఉందా? మాస్టారి దగ్గరకు మళ్లీ వెళ్లమంటారా?

జవాబు: ముందు నిద్ర సంగతి చూడండి. ఆరు నెలల నిద్రలేమిని టెన్షన్ అని సరిపెట్టుకోకూడదు. చెయ్యి వణకడానికి భయమే కారణమో, ఇంకేమైనా ఉందో డాక్టరే తేల్చాలి. శ్రీకాకుళంలో ప్రభుత్వాసుపత్రికి వెళ్లి చూపించుకోండి. వెళ్లడానికి మొహమాటంగా ఉంటే, మానసిక సమస్యలకు ఫోన్‌లో సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలీ మానస్ వాళ్ల 14416 నంబరుకు ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. కంటి నిండా నిద్ర లేని మనిషి తన పని తను చూసుకుంటే అందులో తప్పులే కనిపిస్తాయి.

ప్రతిభ గురించి అడిగారు. నేను చిత్రకారిణిని కాను, ఆ తీర్పు చెప్పలేను. కానీ హైదరాబాద్ వాళ్లు కూడా మీ ప్రతిభ గురించి ఏమీ చెప్పలేదు. వాళ్లు అన్నవి రెండు మాటలు. స్పీడు లేదన్నది ఒకటి, పాత స్టైల్ అన్నది రెండోది. మీరు ఈ రెండూ కలిపేసి ‘నేను పనికిరాను’ అని రాసుకున్నారు. స్పీడు సాఫ్ట్‌వేర్ అలవాటును బట్టి వస్తుంది. ఏళ్ల తరబడి బ్రష్ పట్టిన చేతికి మౌస్ నాలుగు నెలల్లో లొంగకపోతే వింతేముంది? పాత స్టైల్ అన్నమాట మాత్రం విడిగా ఆలోచించాల్సిందే. అక్కడ మీతో పనిచేసిన వాళ్లలో ఒకరికైనా ఫోన్ చేసి, ఏ డిజైన్ తిరిగొచ్చింది, అందులో ఏది నచ్చలేదన్నారు అని అడగండి. అక్షరమా, రంగా, బొమ్మ పెట్టిన చోటా? జవాబు చేదుగా ఉన్నా పట్టుకుని సరిదిద్దుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఇప్పుడు మీ దగ్గరున్నది ఒట్టి అవమానం, దాన్ని పెట్టుకుని ఏం చేస్తారు?

ఇక మాస్టారు. మీ ఉత్తరంలో నన్ను ఆపింది ‘చెప్పకుండానే’ అన్న మాట. మీరు దాన్ని దాటుకుంటూ వెళ్లిపోయారు, ఆయన దాటలేకపోయారు. ఆయన వైపు నుంచి చూడండి. రోజంతా నిచ్చెన మీద నిలబడి ఎనామిల్ రంగులతో రాసే బోర్డు స్థానంలో నిమిషాల్లో ఫ్లెక్సీ వచ్చి వేలాడుతోంది. మన ఊళ్లలో ఎంతోమంది ఆర్టిస్టులు ఆ దెబ్బకు బ్రష్‌లు కడిగి అటక మీద పెట్టేశారు. ఆయన నోటి దగ్గర కూడు తీసింది ఆ కంప్యూటరే. చేతులు పట్టుకుని నేర్పిన కుర్రాడు చెప్పాపెట్టకుండా దాని దగ్గరికే వెళ్లాడు. ఆ కోపంలో మీ వాటా ఎంతో, ఫ్లెక్సీ వాటా ఎంతో ఆయనకే తెలియకపోవచ్చు.

అందుకని వెళ్లండి. పొద్దున్నే, షాపులో ఎవరూ లేనప్పుడు. ‘చెప్పకుండా వెళ్లడం తప్పే మాస్టారూ’ అనండి, అక్కడితో ఆపండి. ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో వివరించబోతే అది వాదన అవుతుంది. ఆయన మొహం తిప్పుకోవచ్చు, రెండు మాటలు అనవచ్చు. మర్నాడు మళ్లీ వెళ్లి బ్రష్‌లు కడిగి రండి. ఎన్ని రోజులు పడుతుందో నేను చెప్పలేను. ఆయన ఎప్పటికీ మెత్తబడకపోయినా మీరు చెప్పవలసింది చెప్పినట్టే.

కానీ, ‘నేను ఏం చేసి బతకాలి మాస్టారూ’ అని మాత్రం ఆయన్ని అడగకండి. ఆయన దగ్గర దానికి జవాబు లేదు. ఉంటే ముందు తనే బాగుపడేవారు. మన దగ్గర గురువు అనగానే విద్య, ఉద్యోగం, ధైర్యం, ఆశీర్వాదం అన్నీ ఒక్కరే ఇవ్వాలనుకుంటాం. ఘంటసాల గారి సంగతే తీసుకోండి. విజయనగరంలో ఆయనకు సంగీతం నేర్పింది పట్రాయని సీతారామశాస్త్రి గారు. మద్రాసు వెళ్లి సినిమాల్లో ప్రయత్నించమని దారి చూపింది సినీ రచయిత సముద్రాల రాఘవాచార్య గారు. ఇద్దరిలో ఏ ఒక్కరు రెండో వారి పని చేయగలిగేవారు కాదు. మీ చేతికి పని నేర్పిన మనిషి ఉన్నారు. బజారు తెలిసిన రెండో మనిషి లేక హైదరాబాద్‌లో తడబడ్డారు.

ఆ రెండో మనిషి పెద్ద పేరున్నవాడే కానక్కర్లేదు. శ్రీకాకుళంలో ఏళ్లుగా శుభలేఖలు, కరపత్రాలు వేస్తున్న ప్రెస్సుకు వెళ్లండి. అక్కడ డీటీపీ, అంటే కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చే పని చేసే అతనికి ఏ అక్షరం అమ్ముడవుతుందో బాగా తెలుసు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది, అక్కడి అధ్యాపకులకు మీ పని చూపించవచ్చు. వెళ్లినప్పుడు ‘నాకు గైడెన్స్ ఇవ్వండి సార్’ అంటే ఎవరికీ ఏం చెప్పాలో తోచదు. పూర్తి చేసిన పని ఒకటి ముందు పెట్టి, ఇందులో ఒత్తు సరిగ్గా కూర్చుందా అని ఒక్క ప్రశ్న అడగండి. అలా అడిగినవాడిని రెండోసారి రమ్మంటారు.

ఏం పని పూర్తి చేయాలంటారా? మీ మాస్టారి అక్షరాలే. తెలుగుకు మంచి ఫాంట్లు చేసేవాళ్లు ఇప్పటికీ తక్కువే. గుణింతాలు, ఒత్తులు కలుపుకుంటే ఒక్క తెలుగు ఫాంటుకే కొన్ని వందల ఆకారాలు గీయాలి. ఇంగ్లిష్ అక్షరాలతో చెయ్యి తిరిగిన డిజైనర్లు కూడా అందుకే జంకుతారు. ఒత్తు ఎక్కడ దిగాలో, తలకట్టు ఎంత లావుండాలో మీ చేతికి ఇప్పటికే తెలుసు. మీరు పాత స్టైల్ అని సిగ్గుపడుతున్నది బహుశా ఇదే. గూగుల్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో గిడుగు, గురజాడ పేర్లతో కూడా ఉన్నాయి, మన ప్రాంతం వాళ్ల పేర్లే. బాపు గారి చేతిరాత కూడా ఫాంటుగా మారింది. కాగితం మీద బ్రష్‌తో రాసి, స్కాన్ చేసి, ఇంక్‌స్కేప్‌లో గీతలు సరిదిద్దుకుని, ఫాంట్‌ఫోర్జ్‌లో అక్షరం వెనుక అక్షరం కూర్చవచ్చు. రెండు సాఫ్ట్‌వేర్లూ ఉచితమే. నెలల పని ఇది. డబ్బు వెంటనే రాదు, అసలు రాకపోవచ్చు కూడా. అయినా చూపించడానికి మీదంటూ ఒకటి ఉంటుంది. మాస్టారు మాట్లాడడం మొదలుపెట్టాక, అది కూడా మొదటి రోజు కాదు, ‘అ నుంచి ఱ దాకా మీ చేత్తో ఒకసారి రాసివ్వండి’ అని అడిగి చూడండి. ఒప్పుకుంటే ఫాంటులో ఆయన పేరుండాలి, డబ్బొస్తే ఆయనకు వాటా ఉండాలి. ఈ రెండూ ముందే చెప్పండి.

ధైర్యం వచ్చాక మొదలుపెడదామనుకుంటున్నట్టున్నారు. మీకు కావలసిన ధైర్యం చేసిన పనికి ఎవరో డబ్బిచ్చినప్పుడు కొంచెం కొంచెంగా వస్తుంది. బడి గోడ, గుడి ప్రహరీ, భావనపాడు వైపు పడవల మీద పేర్లు, ఏదైనా సరే చిన్నది ఒకటి ఒప్పుకోండి. అడ్వాన్సు తీసుకోండి, తెలిసినవాళ్లని మొహమాటపడకండి.

మీ నాన్నగారి మాట మొరటుగా ఉంది కానీ తప్పు ప్రశ్న కాదు. ఊరు వదిలి వెళ్లి సిమెంటు మోసే మనిషికి కూడు గురించి అడిగే హక్కుంది. ఉద్యోగంలో చేరితే నేర్చుకున్నది గంగలో కలుస్తుందన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారు కశింకోటలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేస్తూ చందమామ ముఖచిత్రాలు వేశారు. మీకూ ఆ దారి ఉంది. ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు రాసి, ఆపైన టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) చేస్తే బడుల్లో డ్రాయింగ్ టీచరు పోస్టులకు పోటీ పడవచ్చు. పోస్టులు తరచుగా పడవు, అది తెలిసే రాయండి.

మేనమామకు ఈ వారంలోనే ఫోన్ చేయండి. జీతం ఎంతని అడిగే ముందు షిఫ్టులెలా ఉంటాయో అడగండి. వారం వారం నైట్ షిఫ్టు మారుతుంటే, ఇప్పుడు మీ నిద్ర ఉన్న స్థితిలో నేనైతే వద్దంటాను. పగటి పని, వారానికో సెలవు ఉంటే ఒక ఏడాదికని చేరండి. ఇంటికి నెలకు ఎంత పంపగలరో మీ నాన్నగారికి మీరే ఫోన్ చేసి చెప్పండి, అమ్మ చేత చెప్పించకండి.