‘ఇల్లు లేదు’ అంటే ఏ ఇల్లు?

ప్రశ్న: ఒక అమెరికన్ హాస్య ధారావాహికకు తెలుగు ఉపశీర్షికలు రాస్తున్నాను. క్రిస్మస్ ఎపిసోడ్‌లో నలుగురు మిత్రులు పండుగ రాత్రి న్యూయార్క్‌లోని ఒక షెల్టర్‌లో భోజనాలు వడ్డించడానికి వెళతారు. అక్కడ పరిచయమైన ఒక ముసలాయనకు ఆ రాత్రి పడక దొరకదు. మంచాలన్నీ నిండిపోయాయని మేనేజరు చెబుతాడు. చివరికి మిత్రుల్లో ఒకడు ఆయనను తన ఇంటికి తీసుకువస్తాడు. ‘హోమ్‌లెస్’ అన్నచోట నేను ‘అనాధలు’ అని రాశాను. మా సంపాదకుడు కొట్టేసి ‘నిర్వాసితులు’ అని పెట్టారు. నాకేమో ఇప్పుడు ‘ఇల్లు లేనివాళ్లు’ అంటే చాలుననిపిస్తోంది. ఏది సరైనది? నా వాక్యాలు కొన్ని జతచేశాను, చూడగలరు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: మీరు మొదట రాసిందీ కుదరదు, సంపాదకుడు దిద్దిందీ కుదరదు. తర్వాత తోచిన మాటలో ఒక చిక్కుంది. ఆ చిక్కు దగ్గర కాసేపు ఆగాలి కనుక మొదటి రెండింటినీ త్వరగా ముగిద్దాం.

ముందుగా, అది ‘అనాధ’ కాదు, ‘అనాథ’. నాథుడు లేనివాడు అనాథ. థకారానికి పొట్టలో చుక్క ఉంటుంది. పత్రికల్లోనూ సంస్థల బోర్డుల మీదా ఆ చుక్క తరచుగా రాలిపోతుంటుంది. అర్థం సంగతికి వస్తే, ఇవాళ్టి తెలుగులో అనాథ అంటే ముందుగా తల్లిదండ్రులు లేని పిల్లలే గుర్తుకొస్తారు. షెల్టర్‌ను మీరు ‘అనాథాశ్రమం’ అన్నారు కాబట్టి, తలుపు తెరుచుకోగానే ప్రేక్షకుడు పిల్లల కోసం చూస్తాడు, గడ్డాల మనుషులు కనబడతారు. పైగా మీ ముసలాయనకు ముగ్గురు కొడుకులు ఉండి ఉండవచ్చు.

‘నిర్వాసితులు’ అంటే ఉన్నచోటి నుంచి ఎవరో కదిలించినవారు. పోలవరం నిర్వాసితులు అని రోజూ చదువుతున్నాం. ఆ మాట వెనక ఒక జలాశయమో రహదారో ఉండాలి. న్యూయార్క్ మెట్ల మీద పడుకున్న మనిషిని నిర్వాసితుడంటే అక్కడ ఎవరు ఆనకట్ట కట్టారని అడగాల్సి వస్తుంది.

ఇక ‘ఇల్లు లేనివాళ్లు’. చూడటానికి ఇంతకంటే తేట మాట లేదు. కానీ తెలుగువాడు ‘ఇల్లు లేదు’ అన్నప్పుడు ఏమంటున్నాడు? హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లుగా మూడు గదుల వాటాలో అద్దెకుంటున్న బ్యాంకు ఉద్యోగి కూడా ‘మాకు ఇల్లు లేదండీ’ అనే అంటాడు. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ‘అబ్బాయికి ఇల్లుందా?’ అని అడిగితే, అబ్బాయి ప్లాట్‌ఫారం మీద నిద్రపోతున్నాడేమోనన్న అనుమానంతో కాదు. ‘ఇల్లు లేని పేదలు’ అని ప్రభుత్వ ప్రకటనల్లో వచ్చేదీ సొంత ఇల్లు లేనివారిని గురించే. అంటే ఈ పలుకుబడిలో ‘ఇల్లు’ తలమీది కప్పుకు గుర్తు కాదు, ఇంటి పట్టాకు గుర్తు. మీ ఎపిసోడ్‌లో ఒకడు జాలిగా ‘పాపం, ఆయనకు ఇల్లు లేదు’ అనగానే, అద్దె ఇంట్లో కూర్చుని చూస్తున్న ప్రేక్షకుడు ‘నాకు మాత్రం ఉందా?’ అనుకుంటే ఆ తప్పు అతనిది కాదు.

మన జనగణనవారికీ ఇలాంటి చిక్కే ఎదురై ఉంటుంది. అందుకే వారు నిర్వచనంలో చోట్లను విడమరిచి చెప్పారు: రోడ్డు పక్కన, కాలిబాట మీద, వంతెనల కింద, మెట్ల దగ్గర, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, పెద్ద సిమెంటు గొట్టాల్లో ఉండేవారు. 2011 లెక్కల్లో దేశంలో ఇలాంటివారు 17 లక్షల 70 వేలకు పైగా తేలారు. సొంత ఇల్లు లేనివారి లెక్కయితే అది ఎక్కడ ఆగేది!

అయితే ‘నిరాశ్రయులు’? మీరిద్దరూ దాన్ని ఎందుకు తలచుకోలేదో తెలియదు. పట్టణాల్లో మున్సిపాలిటీలు బోర్డు కడుతున్నది ‘పట్టణ నిరాశ్రయుల వసతి గృహం’ అనే. మంచి మాటే, నలిగిన మాటే. కానీ దానిలోనూ ఒక తమాషా ఉంది. అమెరికాలో ఏటా జనవరి చివర ఒక రాత్రి ఇలాంటివారిని లెక్కపెడతారు. 2024లో 7,71,480 మంది తేలారు. ఆ రాత్రి షెల్టర్‌లో పడుకున్నవారిని కూడా ఆ లెక్కలో కలుపుతారు. షెల్టర్ అంటే ఆశ్రయమే కదా. ఆశ్రయంలో పడుకున్న నిరాశ్రయులన్నమాట! మాట పుట్టుకను పట్టుకుని వేలాడితే ఇలాగే ఉంటుంది. వాడుకలో ‘నిరాశ్రయుడు’ అంటే స్థిరమైన నెలవు లేనివాడని స్థిరపడింది కాబట్టి దిగులు లేదు. బోర్డు మీద, వార్తల్లో, మేనేజరు నోట ఆ మాటే ఉంచండి.

నలుగురు మిత్రులు వంటగదిలో మాట్లాడుకునేటప్పుడు మాత్రం వద్దు. పళ్లాలు కడుగుతూ ఎవరూ ‘నిరాశ్రయులు’ అనరు. అక్కడ నా ఓటు ‘గూడు లేనివాళ్లు’కు. కూడు, గుడ్డ, గూడు అని మనవాళ్లు కలిపి చెప్పే మూడింటిలో ఒకటి అది. అద్దెకుండేవాడెవడూ ‘నాకు గూడు లేదు’ అనడు. పట్టా గొడవ ఇందులో లేదు. పైగా పొట్టి మాట, ఉపశీర్షిక వరుసలో ఇమిడిపోతుంది.

ఒకచోట మీరు ‘నిలువ నీడ లేదు’ అని రాశారు. చక్కని పలుకుబడి. ఎండలు మండే దేశంలో పుట్టింది కాబట్టి మనకు ఆశ్రయమంటే నీడ. కానీ ఆ సన్నివేశంలో మంచు కురుస్తోందని మీరే రాశారు. డిసెంబరు రాత్రి న్యూయార్క్‌లో నీడ ఎవరికి కావాలి? ‘తలదాచుకునే చోటు’ అనండి. అది ఎండకూ వానకూ మంచుకూ పనికొస్తుంది.

ఇక ‘సత్రం’ అనవచ్చా అని మీరు వాక్యం చివర చిన్న ప్రశ్నార్థకం పెట్టారు. ఈ మాటంటే నాకు ఇష్టం. సంస్కృతంలో అది రోజుల తరబడి సాగే సోమయాగం పేరు. తర్వాత ఎడతెగకుండా అన్నం పెట్టే చోటు అయింది. తెలుగులో బాటసారి దిగే చోటుగా నిలబడింది. షెల్టర్‌కు పేరుగా మాత్రం పనికిరాదు, ఎందుకంటే సత్రంలో దిగినవాడికి ఎక్కడో ఒక ఊరుంటుంది. ముసలాయన తన గురించి తాను నవ్వుతూ చెప్పే వాక్యం ఒకటి మీ ప్రతిలో చప్పగా ఉంది. అక్కడ ‘సత్రం భోజనం, మఠం నిద్ర’ అనిపించండి. తన గురించి తాను అంటే అది చమత్కారం. ఆ నలుగురిలో ఎవరైనా ఆయనను గురించి అంటే ఎగతాళి. ఎవరి నోట పెడుతున్నారో చూసుకోండి.

సత్రం గుర్తుకొచ్చింది కాబట్టి మరొకటి. తెలుగు బైబిలులో లూకా సువార్త రెండో అధ్యాయంలో శిశువును పశువుల తొట్టిలో ఎందుకు పరుండబెట్టారో కారణం ఉంది: ‘సత్రములో వారికి స్థలము లేనందున’. డిసెంబరు వచ్చిందంటే తెలుగు క్రైస్తవుల చెవుల్లో పడే మాట అది. మీ మేనేజరు చేత ‘మంచాలు ఖాళీ లేవు’ అని కాక ‘స్థలం లేదు’ అనిపిస్తే, ఆ వాక్యం తెలిసినవారికి గుండె కలుక్కుమంటుంది. తెలియనివారికీ అర్థంలో లోటు రాదు.

ఇప్పుడు మీ వాక్యాలు. ‘క్రిస్మస్ రాత్రి మేము అందరికీ భోజనం సేవించాము’ అని రాశారు. సేవ చేశామనుకుని సేవించామన్నారు. సేవించడమంటే కొలవడం, లేదా లోపలికి పుచ్చుకోవడం. మద్యం సేవించి వాహనం నడపరాదనే హెచ్చరిక చూసే ఉంటారు. వాళ్లకు పెట్టాల్సిన భోజనమంతా ఈ నలుగురే తినేసినట్టుంది. ‘అందరికీ వడ్డించాం’ అనండి. ‘అన్నం పెట్టాం’ అంటే ఇంకా దగ్గరి మాట, అక్కడ అన్నం లేకపోయినా సరే.

అసలు లోపం మీరు అడగనిచోట ఉంది. మీ వాక్యాల్లో ఆ నలుగురూ మేనేజరును ‘మీరు’ అంటున్నారు. ఆయనకంటే పాతికేళ్లు పెద్దవాడైన ముసలాయనను ‘నువ్వు’ అంటున్నారు. పక్కకు తిరిగి మాట్లాడుకునేటప్పుడు మేనేజరు ‘ఆయన’, ముసలాయన ‘వాడు’. ఇంగ్లీషులో ఇద్దరికీ ఒకే మాట ఉంది. ఈ హెచ్చుతగ్గులు రచయిత పెట్టినవి కావు, మీ చేతిలోంచి వచ్చినవి. మీరు కావాలని చేయలేదని తెలుసు. మన భాషలో చిరిగిన కోటు కనబడగానే నోట్లోకి ‘నువ్వు’ వచ్చేస్తుంది. మొదటి పలకరింపు నుంచి ‘మీరు’ ఉంచండి. మిత్రులు తమలో తాము ఎలాగూ నువ్వు, ఒరేయ్ అనుకుంటారు.

‘సగంలో స్నేహం కుదిరాక నువ్వులోకి దిగకూడదా?’ అని మీరు అడగవచ్చు. దిగవచ్చు, కానీ ముందు ముసలాయన దిగాలి. ఆయన ఆ కుర్రవాడిని ‘ఏమోయ్’ అనాలి. పెద్దవాడి వైపు నుంచి వస్తే అది చనువు, కుర్రవాడి వైపు నుంచి వస్తే పాత చులకనే.

చివరి సన్నివేశంలో ‘లోపలికి రా, మిత్రమా’ అన్నారు. ‘మిత్రమా’ వినగానే కిరీటం, గద గుర్తొస్తాయి. గడప దగ్గర నిలబడిన మనిషితో ఎవరూ అలా అనరు. ‘లోపలికి రండి, చలిగా ఉంది’ అని ఆపేయండి. ఇంగ్లీషులో ఉన్న స్నేహితుడనే మాట ఎగిరిపోయిందని సంపాదకుడు అంటే, అది ఆ ‘రండి’లో ఉందని చెప్పండి.

అన్నట్టు, ఒకచోట ‘క్రిస్మస్’, మరోచోట ‘క్రిస్టమస్’ అని రాశారు. ఇంగ్లీషులో ఆ టకారం రాతలోనే ఉంది, నోట్లో లేదు. మొదటిదే ఉంచండి.