నాన్నగారి పుస్తకంలో ఢాకా అవసరమా?

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. 1971 యుద్ధంలో పనిచేసిన మా నాన్నగారు కిందటేడు పోయారు. వచ్చే నెల సంవత్సరీకం. ఆయన మీద చిన్న పుస్తకం వేయించి పంచుదామని అన్నయ్య పట్టుబట్టాడు. అందులో నాన్న ఢాకాలో ఉన్నట్టు రాశాడు. ట్రంకు పెట్టెలో ఉన్నది మాత్రం పశ్చిమీ స్టార్ పతకం. తమ్ముడేమో, "నన్ను బెల్టుతో కొట్టిన మనిషిని దేవుణ్ణి చేస్తే నేను రాను" అంటున్నాడు. అమ్మ నోరు విప్పదు. మధ్యలో నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు ఢాకా సంగతి తేల్చేద్దాం. ఆ యుద్ధంలో తూర్పున పనిచేసిన వాళ్లకు పూర్వీ స్టార్, పడమట పనిచేసిన వాళ్లకు పశ్చిమీ స్టార్ ఇచ్చారు. కాబట్టి డిసెంబర్ 16న ఢాకాలో లొంగుబాటు జరిగినప్పుడు మీ నాన్నగారు పడమటి వైపే ఎక్కడో ఉండి ఉంటారు. సైన్యం నుంచి వచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు వివరాల పుస్తకం, డిశ్చార్జి బుక్, అది కూడా ఒకసారి చూడండి. మీది సైనికుల ఊరుగా పేరుపడ్డ మిలిటరీ మాధవరం ఉన్న ప్రాంతం. భోజనాలకు వచ్చిన పాత ఫౌజీ ఒక్కరు "ఏ యూనిట్ బాబూ?" అని అడిగితే చాలు, మీ అన్నయ్య తల ఎక్కడ పెట్టుకోవాలి? అయినా ఛాంబ్, బసంతర్, లాంగేవాలా పోరాటాలన్నీ పడమటి వైపువే. అటు పనిచేయడం తక్కువేం కాదు. ఈ మాట తమ్ముడి ముందు అనకండి. అన్నయ్య ఒక్కడే ఉన్నప్పుడు పతకం చేతిలో పెట్టి చెప్పండి. నాన్న ఏమీ చెప్పకుండా పోయారు, ఆ ఖాళీని మీ అన్నయ్య ఢాకాతో నింపుకుంటున్నారు, అంతే.

తమ్ముడి బాధ వేరు. "సైన్యంలో ఉన్నారు కాబట్టి అలా ఉండేవారు" అని సర్దిచెప్పొద్దు. పిల్లల మీద చేయెత్తని సైనికులు ఎంతమంది లేరు? కొట్టిన మాట నిజమేనని ఇంట్లో ఒక్కరైనా ఒప్పుకోవాలి. ఆ ఒక్కరు మీరే అవ్వండి. "కార్యానికి రా, పుస్తకం నచ్చకపోతే ముట్టుకోకు" అనండి. రానంటే వదిలేయండి. బెల్టు సంగతి అచ్చు వేయాలా వద్దా అన్నది అతని ఇష్టం. కానీ "పిల్లల్ని పల్లెత్తు మాట అనేవారు కాదు" అనే వాక్యం మాత్రం ఆ పుస్తకంలో ఉండకూడదు.

ఇక అమ్మగారు. నన్నడిగితే పుస్తకంలో సగం ఆవిడదే. సరిహద్దులో ఉన్న మనిషికి ఉత్తరం రాయాలంటే నంబరు, పేరు, యూనిట్, చివర 56 ఏపీఓ అనే సైనిక పోస్టాఫీసు నంబరు. ఊరు పేరుండదు. భర్త ఎక్కడున్నాడో తెలియకుండానే ఆవిడ ఉత్తరాలు వేసి ఉంటారు. అవి ఎవరు రాసిపెట్టారు? జవాబు ఎవరు చదివి వినిపించారు? ఆయన లేని ఏడాది కోతలు ఎవరు కోయించారు? మీ అన్నయ్యను బళ్లో ఎవరు వేశారు? "నాన్న గురించి చెప్పమ్మా" అని ఎదురుగా కూర్చుంటే ఆవిడ ఏమీ చెప్పరు. ట్రంకు పెట్టె తెరిచి, ఒక్కో వస్తువూ చేతికిచ్చి, "ఇదెప్పటిది?" అనండి. ఆవిడకు చెప్పి ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకోండి. అది ముగిసేదాకా పుస్తకం ప్రెస్‌కు పంపొద్దు. సంవత్సరీకానికి అందకపోతే కొంపలేం మునగవు.

ఒకటి మరిచాను. డిశ్చార్జి బుక్ ఒరిజినల్‌ను లామినేషన్ చేయించి గోడకు తగిలించకండి. జిరాక్స్ తగిలించుకోండి. అమ్మగారికి ఫ్యామిలీ పెన్షన్ ఇంకా మారకపోతే, ఆ డిశ్చార్జి బుక్, పెన్షన్ ఆర్డరు, మరణ ధ్రువపత్రం పట్టుకుని ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి.