చావు కబురు ఎప్పుడూ మేడమే చెప్పాలా?

ప్రశ్న: నేనూ మావారూ డాక్టర్లం. పన్నెండేళ్ళుగా ప్రాక్టీసులో ఉన్నాం. ఇప్పుడు గుంటూరు కొత్తపేటలో ఒకే హాస్పిటల్లో చేస్తున్నాం. నేను ఫిజీషియన్ని, ఆయన సర్జన్. ఆయన పేషెంట్ చనిపోయినా బంధువులకు చెప్పడానికి నన్నే పంపుతారు. "ఆడవాళ్ళు చెప్తే వింటారు" అంటారు. పోయిన నెల ఒక పెద్దాయన పోయారని చెప్పబోతుంటే వాళ్ళబ్బాయి క్యారేజీ పట్టుకుని, "మేడమ్, నాన్నకి ఇడ్లీ పెట్టొచ్చా?" అని అడిగాడు. ఆ రాత్రి ఇంటికొచ్చి ఏడిస్తే, "డాక్టరై ఉండి ఇంత సెన్సిటివ్ అయితే ఎలా?" అన్నారు మావారు. నాలోనే లోపం ఉందా?

జవాబు: లేదమ్మా. ఆ క్యారేజీ చూశాక ఏడుపు రాకపోతేనే నేను కంగారుపడేదాన్ని. నాకు బాధనిపించింది వేరే సంగతి. ఆయన కోసిన ఆపరేషన్ తాలూకు చావును మీరు మోస్తున్నారు.

"ఆడవాళ్ళు చెప్తే వింటారు" అన్నది మెచ్చుకోలులా ఉంటుంది గానీ, ఆ మాటతోనే పని మీ నెత్తిన పడుతోంది. ఎమోషనల్ ఇంటెలిజెన్స్ గురించి 1990లో రాసిన సాలొవే, మేయర్ అనే సైకాలజిస్టులు దాన్ని ఒక సామర్థ్యంగానే చూశారు. ఎదుటివాళ్ళ మనసు కనిపెట్టడం, మన మనసును సంబాళించుకోవడం అందులో భాగాలు. కుట్లు వేయడం నేర్చుకున్న మనిషి ఇదీ నేర్చుకోగలడు. మీ రోజుల్లో కాలేజీలో ఎవరూ కూర్చోబెట్టి నేర్పి ఉండరు. ఎంబీబీఎస్‌లో రోగులతో మాట్లాడే తీరును విడిగా మాడ్యూల్‌గా పెట్టింది 2019 బ్యాచ్ నుంచే. పైగా మగపిల్లలకు మన ఇళ్ళల్లో చిన్నప్పుడే చెప్పేస్తాం, "మగాడివి, ఏడుస్తావేంట్రా" అని. ఆయన మొహం రాయిలా ఉందంటే లోపల ఏమీ లేదని కాదు.

కేన్సర్ డాక్టర్లు చెడు వార్త చెప్పడానికి 2000లో ఆరు మెట్ల పద్ధతి ఒకటి రాసుకున్నారు. స్పైక్స్ అంటారు. చావు కబురుకీ అది పనికొస్తుంది. కారిడార్లో నిలబెట్టి చెప్పకండి, ఒక గదిలో కూర్చోబెట్టండి. వాళ్ళకు ఎంతవరకు తెలుసో ముందు అడగండి. "మా ప్రయత్నం మేం చేశాం" అంటూ తిప్పి తిప్పి చెప్తే చాలామందికి అర్థం కాదు, ఇంకా ఆశతో చూస్తారు. "చనిపోయారు" అనే అనాలి. అన్నాక కాసేపు ఊరుకోవాలి. అన్నిటికన్నా కష్టం అదే.

ఈసారి ఇద్దరూ వెళ్ళండి. మాట్లాడేది ఆయన, మీరు పక్కన కూర్చోండి. రెండు మూడుసార్లయ్యాక ఆయన ఒక్కరే వెళ్ళాలి. ఆపరేషన్ చేసిన డాక్టరు మొహం చాటేస్తే బంధువులకు అనుమానం పుడుతుంది, చాలా గొడవలు అక్కడే మొదలవుతాయి. ఆయనకు ఈ మాట చెప్పండి, సర్జన్‌కి వెంటనే అర్థమవుతుంది.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోతే, ఆ దృశ్యమే కళ్ళముందు తిరుగుతుంటే, సైకియాట్రిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. డాక్టరునై ఉండి చేయడమేంటని మొహమాటపడకండి.

ఇంకొకటి. ఇడ్లీ సంగతి మీవారికి చెప్పానని మీరు రాయలేదు. ఆయన చూసింది మీ ఏడుపునే కావచ్చు. ఎవరు సెన్సిటివ్ అన్న వాదన పక్కనపెట్టి, డ్యూటీ లేని ఒక సాయంత్రం ఆ అబ్బాయి ఏమడిగాడో, మీరు ఏం చెప్పలేకపోయారో ఆయనకు చెప్పండి.