బడుల్లో స్పీచ్ థెరపీ చేస్తూ నా గొంతే పోతోంది, ఏం చేయమంటారు?

ప్రశ్నలో మీరు రాసింది ఇదీ: చేరి ఎనిమిది నెలలైంది, నాలుగు మండలాల బడులు తిరుగుతున్నారు, గురువారం వచ్చేసరికి గొంతు బొంగురు, ఇంటికొచ్చాక ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు, ఒక్కో బడికి వారానికి ఒక్కసారి పోయి ఏం సాధిస్తున్నామో తెలియదు, మానేద్దామా అని ఆలోచన. చదువుతుంటే పన్నెండేళ్ల కింద నేనే రాసినట్టుంది. నాదీ నల్లగొండే. దేవరకొండ రూట్లో తిరిగీ తిరిగీ, నా డబ్బాలో ఏం కూర ఉందో కండక్టర్లు చెప్పగలిగేంత సర్వీసు.

ముందు నీళ్లు తాగండి. ఈ మాట అందరూ చెప్తారు గానీ మనం ఎందుకు తాగడం లేదో ఎవరూ అడగరు. నేను అడుగుతా. మీరు వెళ్లే బడుల్లో ఆడవాళ్లు వాడుకునేలా బాత్రూం ఉందా? ఉంటే తాళం ఎవరి దగ్గర ఉంది? మొదటి రెండేళ్లు నేను పొద్దున ఏడున్నరకు టీ తాగి బస్సెక్కితే మళ్లీ సాయంత్రం ఇంటికొచ్చాకే గొంతులో నీళ్లు పడేవి. బాటిల్ బ్యాగులోనే ఉండేది, పోసింది పోసినట్టు. దాంతో ఒకపక్క యూరిన్ ఇన్ఫెక్షన్, ఇంకోపక్క గొంతు. ఈఎన్‌టీ డాక్టరు కెమెరా పెట్టి చూసి, స్వరతంత్రుల మీద రెండు చిన్న బుడిపెలు చూపించి "ఏం పని చేస్తారమ్మా?" అని అడిగితే, స్పీచ్ థెరపిస్టునని చెప్పడానికి సిగ్గేసి "టీచర్ని సార్" అన్నా. నాలుగేళ్లు చదివింది ఆ బుడిపెల గురించే మరి. ఇప్పుడు ఏ కొత్త బడికి పోయినా హెడ్‌మాస్టరుకు నమస్తే పెట్టాక నేను మాట్లాడే రెండో మాట బాత్రూం తాళం గురించే. మొహమాటపడకండి, వాళ్లే అలవాటు పడతారు.

గొంతు సంగతి త్వరగా చెప్పేస్తా, మీకు తెలిసిందే, తెలిసీ చేయనిదే. బొంగురు పోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి అనుకుంటాం, ఆ గుసగుస కూడా శ్రమే, దానికన్నా నోరు మూసుకుని కూర్చోవడం నయం. ఊరికే ఖళ్ళుమని గొంతు సవరించుకోవద్దు, ఒక గుక్క నీళ్లు మింగండి. వరండాలో పిల్లల గోలకు పైన అరవద్దు, టీచర్లు నడుముకు కట్టుకునే చిన్న మైకు ఒకటి కొనుక్కోండి. ఇంకోటి, కొబ్బరిబొండాం స్ట్రా ఒకటి బాటిల్లో రెండు వేళ్ల లోతుకు ముంచి, "ఊ..." అంటూ బుడబుడ బుడగలు వచ్చేలా ఊదండి, రాగం కిందికీ పైకీ జారుస్తూ. క్లాసు క్లాసుకు మధ్య రెండు నిమిషాలు చాలు. పిల్లలు మీ చుట్టూ చేరతారు, వాళ్లకూ స్ట్రాలు ఇవ్వండి, ఒక ఆట అయిపోతుంది. బొంగురు మూడు వారాలు దాటితే మాత్రం నాలాగా రెండేళ్లు ఆగకుండా డాక్టరుకు చూపించుకోండి.

ఇంత చెప్పినా, మనిషి అలిసిపోవడానికి గొంతు ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. లిస్టులోని పేర్లు చంపుతాయి మనల్ని.

ఒక రోజు జరిగింది చెప్తా. దేవరకొండ అవతల ఒక మండలం, ఊరు చెప్పను. ఆ రోజు లిస్టులో తొమ్మిది మంది పిల్లలు. నాలుగు పదికి బస్సు, అది పోతే మళ్లీ ఆరున్నరకే. నాలుగో పిల్లాడు వచ్చేసరికి పన్నెండున్నర దాటింది, బయట మధ్యాహ్న భోజనం ప్లేట్ల చప్పుడు, లోపల నాకు ఆకలి, బాత్రూం సంగతి చెప్పనే చెప్పాను కదా. పిల్లాడికి ఐదున్నరేళ్లు. తండా నుంచి వాళ్ల నాయనమ్మ తీసుకొచ్చింది, తల్లీ తండ్రీ హైదరాబాద్‌లో, ఆయన ఆటో, ఆమె బిల్డింగు పని. ఆమె గడప దగ్గరే కూలబడింది, ఒళ్లో డబ్బా పెట్టుకుని. నేను బొమ్మల కార్డులు తీసి టకటకా చూపించడం మొదలుపెట్టా, మొత్తం ఇరవై.

రొట్టె బొమ్మ చూపిస్తే "బాటి" అన్నాడు. ఇంటూ పెట్టా. గ్లాసులో నీళ్లకు "పాణి" అన్నాడు, హిందీ కార్టూన్లు తెగ చూస్తున్నట్టున్నాడు అనుకుని ఇంకో ఇంటూ. చీర కట్టుకున్న ఆవిడ బొమ్మ తీస్తే "యాడి" అన్నాడు, నాకేమో "యాడ?" అని నన్నే ఏదో అడుగుతున్నట్టు వినబడింది. అట్లా ఇరవైలో పదమూడు ఇంటూలు. కాగితం మీద "భాష బాగా ఆలస్యం" అని రాస్తున్నా.

ఇంతలో పిల్లాడికి ఆకలైంది. లేచి పోయి నాయనమ్మ ఒళ్లోని డబ్బా మీద చెయ్యేసి "బాటి, బాటి" అన్నాడు. ఆమె మూత తీసి జొన్నరొట్టె ముక్క తుంచి వాడి చేతిలో పెట్టింది.

నా పెన్ను అక్కడే ఆగింది. "అమ్మా, మీరు రొట్టెను ఏమంటరు?" అన్నా.

"బాటి అంటం బిడ్డా. ఏమాయె?"

"అమ్మను?"

"యాడి."

ఆమెకు చదువు రాదు, కానీ నా కాగితం వైపు మెడ చాపి చూసి, "గా ఇంటూలన్నీ మావోనియేనా?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

పక్కన కూర్చోమన్నా ఆమెను. మళ్లీ మొదటి కార్డు నుంచి మొదలుపెట్టాం, వాడు లంబాడీలో చెప్పిన ప్రతి మాటా ఆమె నాకు తెలుగులో చెప్పింది. ఈసారి తప్పులు నాలుగే, నాలుగూ ఒకటే తప్పు: "క" పలకాల్సిన చోట "త". అంగన్‌వాడీలో నేర్చిన కాకి వాడికి "తాతి", కోడి "తోడి". భాషకు ఏ రోగమూ లేదు, ఒక్క అక్షరం సరిచేసుకోవాల్సిన పిల్లాడు. నేను ఇంకో పది నిమిషాలు తొందరపడి ఉంటే వాడి ఫైల్లో ఏం రాసి ఉండేదాన్నో, ఆ ఫైలు వాడి వెంట ఎన్నేళ్లు తిరిగేదో.

"ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?" అనేది మనకు మొదటి ఏడాదిలో నేర్పే ప్రశ్న. అది అడగడం నాకు తెలియక కాదు, ఇంకా ఐదుగురు బయట ఉన్నారని అడగలేదు. ఆ రోజు బస్సులో కొండమల్లేపల్లి దాకా నిలబడే ఏడ్చా. (బస్సు అంటే గుర్తొచ్చింది, 2023 డిసెంబర్ నుంచి మన ఆడవాళ్లకు టికెట్ లేదు, సంతోషం, సీటూ లేదు. కార్డుల బ్యాగు బరువెక్కువైతే నడుం పోతుంది, సగం కార్డులు ఇంట్లో పెట్టి ఊళ్లో దొరికే చెంచా, గ్లాసు, ఉల్లిగడ్డలతో పని కానివ్వండి.) నారాయణపేట వైపు చేసే నా దోస్తుకు ఫోన్ చేసి చెప్తే, "మా దగ్గర ఒక ఇంట్లో కన్నడం, పక్కింట్లో మరాఠీ, నువ్వు ఒక్క లంబాడీకే ఏడుస్తున్నావా" అని నవ్వించింది. అట్లాంటి దోస్తు ఒకరు ఉండాలి. ఇంట్లోవాళ్లకు చెప్తే "మానెయ్" అంటారు, ఆఫీసులో చెప్తే "అందరికీ ఉండేదే" అంటారు.

ఆ వారం నుంచి నేను రోజుకు ఐదుగురినే చూస్తున్నా. ఐదే ఎందుకని అడిగితే ఏ పుస్తకంలోనూ లేదు, నా అనుభవం చెప్తోంది, ఆరో పిల్లాడి నుంచి మనం చేసేది సంతకాల పనే. మిగిలిన నలుగురి పేర్లు కొట్టేయను, దాచను. రిజిస్టర్లో తేదీ వేసి "సమయం లేక చూడలేదు" అని రాస్తా. మొదట్లో పైవాళ్లకు కోపమొచ్చింది. నాలుగు నెలల రిజిస్టర్ ముందు పెడితే ఆ మండలానికి పదిహేను రోజులకు ఇంకో రోజు కలిపారు. నోటితో ఎంత మొత్తుకున్నా రాని రోజు అది, కాగితం మీద వచ్చింది. వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టమంటారు చూడండి, పిల్లాడి నోట్లో మన వేలు ఉన్నప్పుడు ఫోటో ఎవరు తీస్తారో వాళ్లే చెప్పాలి, దాని మీద విడిగా రాస్తా ఎప్పుడైనా.

ఆ మిగిలిన పిల్లల్లో మాట అసలే రానివాళ్లు ఉంటే ముందు వాళ్లను తీసుకోండి, మీరు కార్డులు తీసేకన్నా ముందు వినికిడి పరీక్షకు పంపండి. "వస పోసినం మేడమ్, అయినా వస్తలేదు" అంటారు, వసతో వాదన పెట్టుకోకండి, గొంతు వేస్ట్. "సరే, చెవి కూడా చూపిద్దాం" అంటే వస్తారు. వైకల్యం సర్టిఫికెట్ కోసమైనా ఎట్లాగూ ఆ పరీక్ష కావాల్సిందే.

ఇక మీ అసలు ప్రశ్న, వారానికి ఒక్కసారి పోయి ఏం సాధిస్తున్నామని. మనం ఒక్కళ్లమే అయితే ఏమీ సాధించం. పిల్లాడితో వారమంతా ఉండే మనిషికి పని అప్పజెప్పాలి. ఆ నాయనమ్మకు నేను రెండే చెప్పా. పొద్దున పండ్లు తోముకునేటప్పుడు వాడితో నీళ్లు పుక్కిలించి గొంతులో గరగరలాడించు, "క" రావాలంటే నాలుక వెనక భాగం పైకి లేవాలి. రాత్రి వెల్లకిలా పడుకోబెట్టి "క, క" అనిపించు, పడుకుంటే నాలుక దానంతటదే వెనక్కి జారుతుంది. అంతే. మూడో వారం పోతే తండా నల్లా దగ్గర ఐదారుగురు పిల్లలు వరసగా గరగరలాడిస్తున్నారట, ఆమె అందరికీ మేడం అయిపోయింది. దసరా సెలవుల తర్వాత వాడు నన్ను చూసి "కాకి" అని అరిచాడు, చెట్టు మీద కాకి లేదు, నా నల్ల గొడుగును అన్నాడో నన్నే అన్నాడో ఇప్పటికీ తెలియదు.

మానేయాలా వద్దా అంటారా, ఒక మూడు నెలలు ఐదుగురి లెక్క పెట్టి చూసి అప్పుడు ఆలోచించండి. ఇంటికి రాగానే అరగంట ఎవరూ పలకరించొద్దని ఇంట్లో ముందే చెప్పేయండి, మా ఆయనకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. రాత్రి ఎనిమిది దాటాక తల్లిదండ్రుల ఫోన్లు తీయకండి. మైకు కొంటే చార్జర్లు రెండు కొనండి, మొదటిది ఏదో ఒక బడిలో మర్చిపోతారు.